వై కొట్టే ముందు చదవండి: ప్యాకేజీల గొడవకు ఉన్న చరిత్ర



పోయిన సెమిస్టర్‌లో మాదాపూర్‌లో ఒక ఇంటర్న్‌షిప్ టెస్ట్ ఉండె. ముందు రోజు రాత్రి హాస్టల్‌లో నా లినక్స్ లాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే డిపెండెన్సీలు కుదరట్లేదని ఎర్రర్ వచ్చింది. ఏదో వీడియో చూసి ఇంకో వెర్షన్ రిపాజిటరీ కలిపిన. చాంతాడంత లిస్ట్ చూపించి కొనసాగించాలా అని అడిగితే చదవకుండా వై కొట్టిన. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలు. పత్తి అమ్మిన పైసలతో బాపు కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ అది. టెస్ట్‌కు పోలేదు. మనలాంటోళ్ళకు ఈ చదువు ఎందుకు అనిపించింది. తర్వాత ఈ సమస్య చరిత్ర చదివిన. అందుకే ఈ పోస్ట్.

1993 ఆగస్టులో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ విద్యార్థి ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. అప్పుడు ఆయనకు 20 ఏళ్ళు, ఇప్పుడు నా వయసే. ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు తలా కొన్ని ప్యాకేజీలు తయారు చేస్తారు. అన్నీ ఒకే కంప్యూటర్‌లో కలిసి ఉండాలంటే ఒక కట్టుబాటు కావాలి కదా. అందుకే ప్రతి ప్యాకేజీ తనకు ఏది కావాలో, దేనితో పడదో రాసి పెడుతుంది. డీపీకేజీ అనే ప్రోగ్రామ్ అది చదివి, కుదరకపోతే ఆగిపోతుంది. కానీ కావలసినవి వెతికి తెచ్చే పని మనదే. ఒకటి తెస్తే అది ఇంకొకటి అడుగుతుంది.

ఆ తిప్పలు తీర్చడానికి ఆప్ట్ వచ్చింది. 1999 మార్చిలో డెబియన్ 2.1తో అందరికీ చేరింది. అంతకు నాలుగు నెలల ముందే, 1998 నవంబర్ 22న, ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు.

ఆప్ట్ వచ్చినా గొడవ పోలేదు. రెండు ప్రోగ్రామ్‌లు ఒకే లైబ్రరీని వేర్వేరు వెర్షన్లలో అడుగుతాయి. ఒకే జత ఎడ్లను ఒకే రోజు రెండు చేన్లకు అడిగినట్టు. ఎవరో ఒకరు ఆగాలి. 2000ల మధ్యలో యూరప్‌లోని ఈడాస్ ప్రాజెక్టు పరిశోధకులు ఇది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని నిరూపించారు. అంటే అన్ని సందర్భాల్లో త్వరగా జవాబిచ్చే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ తెలీదు. 2008లో ఓపెన్‌సూసే 11.0 దీన్ని లాజిక్ లెక్కగా మార్చి శాట్ సాల్వర్‌తో విప్పింది. తర్వాత ఫెడోరా డీఎన్‌ఎఫ్ కూడా అదే దారి పట్టింది.

2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఎక్కించబోయి, హెచ్చరిక వచ్చినా ఒప్పుకున్నాడు. డెస్క్‌టాపే పోయింది. ఆప్ట్ తయారుచేసేవాళ్ళు ఆయన్ని తిట్టి ఊరుకోలేదు. ముఖ్యమైన ప్యాకేజీలు అంత సులువుగా తీసేయకుండా ప్రోగ్రామ్‌నే మార్చారు. ఇది చదివినంక నా గుండె బరువు దిగింది.

నా లాప్‌టాప్‌ను మా సీనియర్ అన్న బాగు చేశాడు. నల్ల స్క్రీన్‌లోనే లాగిన్ అయ్యాడు. నా ఫైల్స్ అన్నీ అట్లనే ఉన్నయి. నేను కలిపిన రిపాజిటరీ తీసేసి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఆప్ట్ పాలసీతో ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో చూశాడు. కొత్త వెర్షన్లను పాతవాటికి దింపి, ఫిక్స్-బ్రోకెన్ నడిపి, డెస్క్‌టాప్ మళ్ళీ ఎక్కించాడు. చివరికి ఒకటే మాట అన్నాడు: "తమ్మీ, ఏం ఎక్కుతుందో తర్వాత చూడు, ముందు ఏం పోతుందో చదువు."

ఇంకో మాట. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు తెలుగులో లినక్స్ తెచ్చారు. మన ఆదిలాబాద్ గుంజాల ఊరి గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంట్ కూడా ఉంది. కానీ లిపి ఉంటే సరిపోదు. మెనూలు, కీబోర్డులు, పదకోశాలు గోండిలో, కోయలో ప్యాకేజీలుగా రావాలి. అవి మనమే కట్టాలి. చెడగొట్టిన భయంతో వదిలేస్తే ఎవరు కడతారు?

మీ లాప్‌టాప్‌లో ఇట్లాంటి ఎర్రర్ వస్తే ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి. సిగ్గుపడకండి. కలిసి చదువుదాం.

జై సేవా.