సఫారీ ర్యాలీ: మొరం రోడ్ల మీద కెన్యా చరిత్ర

కెన్యా చరిత్రను రాసేవారు సాధారణంగా మొంబాసా రైలుమార్గంతో మొదలుపెట్టి, శ్వేతజాతి భూస్వాముల వలసల మీదుగా, మౌ మౌ తిరుగుబాటును దాటి, 1963 డిసెంబరు 12న వచ్చిన స్వాతంత్ర్యం దగ్గర ఒక ఘట్టాన్ని ముగిస్తారు. ఆ వరుసలో సఫారీ ర్యాలీకి చోటు దొరకడం అరుదు. తూర్పు ఆఫ్రికాలో ఎవరు పాలించారో, ఎవరిని ఎక్కణ్ణుంచి వెళ్లగొట్టారో, ఎవరు అక్కడే నిలిచిపోయారో ఆ పోటీ సాగిన దారుల్లోనూ గెలిచినవారి పేర్లలోనూ కనిపిస్తుంది కనుక, దాన్ని కేవలం కార్ల పందెంగా చూడడం సరికాదు.

ర్యాలీ అంటే గుండ్రటి ట్రాకు మీద కార్లన్నీ ఒకేసారి దూకే రేసు కాదు. ఒక్కో కారును కొన్ని నిమిషాల ఎడంతో మామూలు రోడ్ల మీదికి వదిలి, దారి పొడవునా ఉన్న తనిఖీ కేంద్రాలకు నిర్ణీత సమయంలో చేరమంటారు. ఆలస్యమైన కొద్దీ పెనాల్టీ పెరుగుతుంది, చివరికి ఎవరి పెనాల్టీ తక్కువైతే వారిదే గెలుపు. స్టీరింగ్ పట్టేది ఒకరైతే, పక్క సీట్లో కూర్చుని దారీ మలుపులూ సమయమూ లెక్కచూసి చెప్పేది మరొకరు. ఈ రెండో మనిషిని కో-డ్రైవరు అంటారు.

ఈ పోటీ పుట్టింది వలస పాలనలో. 1952 ఫిబ్రవరిలో తండ్రి మరణించి బ్రిటిష్ సింహాసనం తనకు సంక్రమించే సమయానికి ఎలిజబెత్ కెన్యాలోనే ఉన్నారు; మౌ మౌ తిరుగుబాటును అణచడానికి అదే ఏడాది అక్టోబరులో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. భూములు పోగొట్టుకున్న కికుయు రైతులను సైన్యం వేటాడుతుండగా, 1953లో ఆ రాణి పట్టాభిషేకం పేరిట ‘కొరొనేషన్ సఫారీ’ అనే పోటీని కెన్యా, ఉగాండా, టాంగన్యీకా అనే మూడు బ్రిటిష్ పాలిత ప్రాంతాల మీదుగా నడిపారు. ఆ తొలి ఏడాది కార్లను ఇంజను శక్తిని బట్టి గాక, షోరూము ధరను బట్టి తరగతులుగా విడదీశారు. ఏ ధర కారు ఆ దారులకు తట్టుకుంటుందో కొనేవారికి తెలియడానికి అంతకంటే మంచి పరీక్ష లేదు. 1960లో పట్టాభిషేకం మాట తొలగి, అది తూర్పు ఆఫ్రికా సఫారీగా మారింది.

ఛత్తీస్‌గఢ్‌లోని ఆవపల్లి నుంచి బాసగూడ వైపో ఉసూరు వైపో వానాకాలంలో ప్రయాణించినవారికి ఆ దారుల స్వభావాన్ని వేరుగా వివరించనక్కర్లేదు. ఎండలో మొరం దుమ్ము ముందు కారును పూర్తిగా కమ్మేస్తుంది. వాన పడితే నల్లరేగడి బురద చక్రాలకు ముద్దలుగా పట్టుకుని బండిని కదలనివ్వదు. పోటీ ఈస్టరు సెలవుల్లో జరిగేది కాబట్టి, మార్చి నుంచి మే దాకా కురిసే పెద్ద వానలు తరచూ దానిమీదే వచ్చి పడేవి. రోడ్లు మూసేవారు కాదు; లారీలూ పశువులూ అడవి జంతువులూ అదే దారిలో ఎదురయ్యేవి. వాగు అడ్డం వస్తే కో-డ్రైవరు దిగి, నీళ్లలో నడిచి లోతు చూసి రావలసిందే. ఫ్యాను తిరిగితే నీటిని ఇంజను మీద చిమ్మి, స్పార్కు అందించే డిస్ట్రిబ్యూటరును తడిపి, ఇంజనును ఆపేస్తుంది కనుక, వాగులో దిగే ముందు ఫ్యాను బెల్టు ఊడదీసి, ఒడ్డెక్కాక మళ్లీ బిగించే పద్ధతి కూడా ఉండేది. 1963లో 84 కార్లు బయలుదేరితే గమ్యం చేరినవి 7. 1968లో 93 బయలుదేరితే మళ్లీ 7 మాత్రమే. ఆ రెండేళ్లూ గెలిచింది నిక్ నోవిట్స్కీ, ప్యాడీ క్లిఫ్ జంట, ప్యూజో 404 కారులో.

ఇంతటి పోటీలో వేగం కంటే కారు గుణం తెలిసిన చెయ్యే ఎక్కువ పనికివచ్చింది, ఆ చేతుల్లో భారతీయుల చేతులు చాలా ఉన్నాయి. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా పట్టాలు వేయడానికి బ్రిటిష్ వారు భారతదేశం నుంచి, అందులోనూ ఎక్కువగా పంజాబు నుంచి, సుమారు 32,000 మందిని తీసుకువెళ్లారు. దాదాపు 2,500 మంది ఆ పనిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాతి తరాల్లో వచ్చినవారు దుకాణాలూ గ్యారేజీలూ పెట్టుకున్నారు. 1932లో కెరిచోలో పుట్టిన జోగీందర్ సింగ్ అలాంటి గ్యారేజీ కుటుంబంలోని మెకానిక్కే. 1965లో ఆయన, తమ్ముడు జస్వంత్ సింగ్ కలిసి అప్పటికే వాడిన ఒక వోల్వో పీవీ 544తో గెలిచారు. 1974, 1976లలో మిత్సుబిషి లాన్సరుతో జోగీందర్ మళ్లీ గెలిచారు. ఆయన పాల్గొన్నవి 22 సఫారీలైతే, 19 సార్లు గమ్యం చేరారు. మూడు విజయాల కంటే ఈ 19 అనే అంకే ఆయన గొప్పతనాన్ని సరిగ్గా చెబుతుంది.

ఆయన గెలిచిన కాలం అక్కడి భారతీయులకు సుఖమైనది కాదు. 1967లో వచ్చిన చట్టాలు పౌరసత్వం తీసుకోని వారి ఉద్యోగ, వ్యాపారాలకు అనుమతులు తప్పనిసరి చేయడంతో వేలాది కుటుంబాలు బ్రిటన్ దారి పట్టాయి. బ్రిటన్ 1968లో తన తలుపు సగం మూసింది. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా సంతతివారిని వెళ్లగొట్టాడు. ఉగాండాలో పుట్టిన శేఖర్ మెహతా ఆ మరుసటి ఈస్టరుకే, 1973లో, కెన్యాలో సఫారీ గెలిచారు. 1979 నుంచి 1982 దాకా వరుసగా మరో నాలుగుసార్లు గెలిచారు.

1973లో ఆయన నడిపింది డాట్సన్ 240జెడ్: పొడవాటి ముక్కు, ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజను, రెండే సీట్లు ఉన్న అసలైన స్పోర్ట్స్ కారు. 1971లో ఎడ్గర్ హెర్మన్ గెలిచింది కూడా అదే కారుతో. ఇంజను వెనక ఉండడం వల్ల బరువు వెనక చక్రాల మీద పడి బురదలో పట్టు చిక్కే పోర్షే 911 మాత్రం, ఎంత ప్రయత్నించినా అసలు సఫారీని గెలవలేకపోయింది. 1974లో స్వీడన్ డ్రైవరు బ్యోర్న్ వాల్డెగోర్డ్ దానితో జోగీందర్ వెనక రెండో స్థానంలో ఆగారు.

ఈ పాత కార్లకు రెండో జీవితం 2003లో దొరికింది. తొలి సఫారీకి 50 ఏళ్లు నిండిన సందర్భంగా, ఆ కాలపు కార్లకే పరిమితమైన తూర్పు ఆఫ్రికా సఫారీ క్లాసిక్ ర్యాలీ మొదలై, ఏడాది విడిచి ఏడాది జరిగే సంప్రదాయం ఏర్పడింది. డాట్సన్లూ ఫోర్డ్ ఎస్కార్టులూ పోర్షేలూ అడుగున ఇనుప కవచం, మొరానికి తట్టుకునే బలమైన స్ప్రింగులూ తగిలించుకుని, తూర్పు ఆఫ్రికా దారుల్లో రోజుల తరబడి పరుగెత్తుతాయి. ప్రదర్శనశాలలో మెరిసే కారు గొప్పే గాని, తాను తయారైన పనిని చేస్తున్న కారు దానికంటే గొప్పదనే నమ్మకం ఈ ర్యాలీ వెనక ఉంది, ఆ నమ్మకం న్యాయమైనది. 2011లో వాల్డెగోర్డ్ తన కొడుకును కో-డ్రైవరుగా కూర్చోబెట్టుకుని, 37 ఏళ్ల కిందట చేజారిన గెలుపును అదే రకం పోర్షే 911తో సాధించారు. ఆ విజయానికి అటూ ఇటూ, 2009లో ఫోర్డ్ మస్టాంగుతోనూ 2013లో ఫోర్డ్ కాప్రీతోనూ గెలిచిన ఇయాన్ డంకన్ కెన్యా మనిషి.

భారత సంతతివారిని కెన్యాలోని 44వ తెగగా ప్రభుత్వం 2017లో గుర్తించింది. జోగీందర్ సింగ్‌ను ‘సింబా’, అంటే సింహమని, కెన్యా జనం పిలుచుకోవడం అంతకు కొన్ని దశాబ్దాల ముందటి మాట.