చేతిలోకి వచ్చిన గ్రంథం



మన బీదరులో మహమూద్ గవాన్ మదరసాను చూడని వారుండరు. బహమనీ మంత్రి గవాన్ 1472లో కట్టించిన ఆ విద్యాలయంలో 3000 చేతిరాత గ్రంథాలు ఉండేవని చెబుతారు. 1696లో మందుగుండు పేలి ఆ కట్టడం కొంత భాగం కూలిపోయింది. ఆ రోజుల్లో గ్రంథం ఉన్నచోటికి మనిషి నడిచి వెళ్ళేవాడు. ఇప్పుడు గ్రంథమే మనిషి జేబులోకి వచ్చింది. వైద్యం నేర్చుకునేవారికి ఈ మార్పు ఎంత మేలు చేసిందో ఈరోజు చెప్పుకుందాం.

హౌస్ సర్జన్ల తెల్లకోటు జేబులో మందుల మోతాదులు రాసిన చిన్న పుస్తకం ఉండటం పాత అలవాటే. 1996లో అమెరికాలో పామ్ పైలట్ అనే చేతి కంప్యూటరు వచ్చింది. 1999లో ఎపోక్రటీస్ అనే మందుల సమాచారం అందులోకి చేరింది. అక్కడి యువ వైద్యులు దాన్ని వార్డుల్లోకి తీసుకెళ్ళారు. మన బెంగళూరు శాస్త్రజ్ఞులు తక్కువ ధరలో సింప్యూటర్‌ను రూపొందించారు. అది 2004లో బజారుకు వచ్చింది గాని నిలదొక్కుకోలేదు. 2007లో బీదరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. అమెరికాలో ఐఫోన్ వచ్చిందీ ఆ ఏడాదే. తర్వాత చేతి కంప్యూటరు పని ఫోనే చేయసాగింది.

యంత్రం వచ్చింది సరే, బెరుకు పోయిందా? ఇరవై ఏళ్ళ కిందట మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చిన్న డాక్టరు ఆమె బరువు అడిగి, పుస్తకం తిరగేసి, మందు రాశాడు. బయటికి రాగానే అమ్మ, “సూసి రాసెటోడు ఏం డాక్టర్‌రా?” అంది. నేనూ తలూపాను. తరగతిలో కన్నడ మాటకు తెలుగు అర్థం తట్టకపోతే పిల్లల ముందే నిఘంటువు తీసే నేను!

పసిపిల్లలకు చాలా మందులు కిలో బరువు లెక్కనే ఇస్తారు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అక్కడ జ్ఞాపకాన్ని నమ్మడం గొప్ప కాదు, సరిచూసుకోవడమే గొప్ప. పెద్ద డాక్టర్లు శిష్యుల ఎదుటే ఫోను తీసి చూస్తే పిల్లలకు బెరుకు పోతుంది. “మీ మందు మోతాదు సరిచూస్తున్నానమ్మా” అని ఒక్కమాట చెబితే రోగికి అనుమానం పోతుంది. అయితే చూసేది నమ్మదగిన సమాచారమై ఉండాలి. చూశాక కళ్ళు మళ్ళీ రోగి ముఖం మీదికి రావాలి. నాడి పట్టవలసింది, ఆకలి అడగవలసింది మనిషే.

ఈసారి చిన్న డాక్టరు ఫోను చూస్తే తొందరపడి నొసలు చిట్లించకండి. ఏం చూస్తున్నారని అడగండి. ఆనాడు నేను అడగలేకపోయిన మాట అది.

సెలవు.