చేతికి అందితేనే సైన్సు
ఉత్తరాంధ్ర ప్రాథమిక బడుల్లో ప్రయోగ విద్య: నిన్న, నేడు

శ్రీకాకుళం, విజయనగరం: సముద్రపు నీటి నుంచి ఉప్పు తయారవుతుందన్నది పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాల విషయం. నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగిన పిల్లవాడికి అది ఏటా కళ్ల ముందు జరిగే పని. పుస్తకంలోని వాక్యానికీ, ఊరి చివరి మడికీ నడుమ వంతెన కట్టవలసింది బడి. ఆ వంతెన ఐదో తరగతిలోపు పడకపోతే సైన్సు కంఠస్థం చేయవలసిన సబ్జెక్టుగానే మిగిలిపోతుంది. ప్రభుత్వాలు నడిపే సైన్సు ప్రోత్సాహక పథకాలలో ప్రధానమైనవి ఆరో తరగతి నుంచే మొదలవుతాయి. అంతకుముందు ఐదేళ్లూ పిల్లల చేతికి ప్రయోగం అందుతుందా, లేదా అన్నది ఆ బడి ఉపాధ్యాయుని చొరవ మీదనే ఆధారపడి ఉంది. పట్నంలో ప్రైవేటు శిక్షణ కొనుక్కోలేని కూలి, మత్స్యకార, గిరిజన కుటుంబాల పిల్లలకు ఈ ఐదేళ్లే కీలకం.

ప్రయోగ విద్య అంటే...
ఉపాధ్యాయుడు బల్లపై ఒక ప్రయోగం చేసి చూపించడం, పిల్లలు చప్పట్లు కొట్టడం ప్రయోగ విద్య కాదు. ప్రతి విద్యార్థీ తన చేతితో వస్తువును పట్టుకోవాలి. ఏమి జరుగుతుందో ముందుగా ఊహించి చెప్పాలి. చేసి చూడాలి. ఊహకూ ఫలితానికీ తేడా వస్తే కారణం వెతకాలి. ఉదాహరణకు బరువైనవన్నీ మునుగుతాయని పిల్లలు నమ్ముతారు. బంకమట్టి ముద్ద నీటిలో మునుగుతుంది. అదే ముద్దను గిన్నెలా మలిచి వదిలితే తేలుతుంది. బరువు మారలేదు, ఆకారం మారింది. భావనపాడు, కళింగపట్నం తీరాల పిల్లలు రోజూ చూసే పడవ వెనుక ఉన్న సూత్రం ఇదే. తన ఊహ తప్పని తానే కనుగొన్న పిల్లవాడు ఆ సంగతిని సులభంగా మరచిపోడు.

నాలుగు దశాబ్దాల ప్రయత్నం
ఈ ఆలోచన రాష్ట్రానికి కొత్తది కాదు. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980వ దశకంలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను తరగతి గదిలోకి తెచ్చింది. ‘అపెప్’గా ఉపాధ్యాయులకు పరిచితమైన ఆ పథకం ఆరు సూత్రాలను నిర్దేశించింది. చేయడం ద్వారా, కనుగొనడం ద్వారా నేర్చుకోవడం, పరిసరాలను వినియోగించుకోవడం, పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించడం వాటిలో ముఖ్యమైనవి. ఉపాధ్యాయులు కలిసి చర్చించుకొనేందుకు ఉపాధ్యాయ కేంద్రాలు అప్పుడే ఏర్పడ్డాయి.

1986 జాతీయ విద్యా విధానం తరువాత 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్లు, చిన్న పనిముట్ల పెట్టెలు అందాయి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రంలో తొలుత ఐదు జిల్లాల్లో ప్రారంభమైనప్పుడు వాటిలో విజయనగరం ఒకటి. మండల వనరుల కేంద్రాలు, బోధనోపకరణాల మేళాలు, అట్టలతోనూ పుల్లలతోనూ ఉపాధ్యాయులు స్వయంగా చేసిన నమూనాలు ఆ కాలం నుంచి ఇక్కడి బడులకు అలవాటయ్యాయి.

దేశంలో ఇతర చోట్ల జరిగిన కృషి కూడా దీనికి తోడైంది. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 పాఠశాలల్లో ప్రారంభమైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం, ప్రయోగశాల లేకుండానే గ్రామీణ బడిలో సైన్సు నేర్పవచ్చని నిరూపించింది. 2002లో ఆ ప్రభుత్వం దానిని నిలిపివేసినా దాని ప్రభావం పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. ఆ కార్యక్రమంతో పరిచయం నుంచే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో జ్యామితి ఆకారాలు కూర్చే పద్ధతిని రూపొందించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. మన రాష్ట్రంలో 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, ‘చెకుముకి’ పిల్లల పత్రిక ద్వారానూ, ఆ పేరుతో నిర్వహించే సైన్సు పోటీల ద్వారానూ ఈ ఒరవడిని పల్లెలకు చేర్చింది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను కృత్యాలు, అన్వేషణ, ఆవిష్కరణ ద్వారా బోధన సాగాలని చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అనుభవపూర్వక అభ్యసనాన్నే కోరింది. కాగితం మీద ఈ పద్ధతికి అడ్డు లేదు. కొరత అమలులోనే ఉంది.

ఊరే ప్రయోగశాల
ఉత్తరాంధ్ర పల్లెల్లో కొనకుండా దొరికే ప్రయోగ సామగ్రికి లోటు లేదు.

ఉప్పు: వెడల్పాటి పళ్లెంలో ఒక లీటరు సముద్రపు నీటిని పోసి ఎండలో ఉంచితే నీరు ఆవిరై తెల్లని పొర మిగులుతుంది. నడిసముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వర్షాకాలంలో వంశధార, నాగావళి నీరు వచ్చి కలిసే తీరాన ఇది తగ్గుతుంది. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి తూచి చూస్తే పిల్లలే ఆ తేడాను కనుగొంటారు.

నీడ: అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు తొలి రోజుల్లోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఒక తేదీ మార్చి విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, రెండోది సెప్టెంబరు విషువత్తుకు సుమారు పది రోజుల తరువాత వస్తుంది. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. దీనిని బడి ఆవరణలోనే పరిశీలించవచ్చు. నిటారుగా పాతిన మీటరు కర్ర నీడను ఏడాది పొడవునా మధ్యాహ్నం కొలవాలి. శ్రీకాకుళంలో డిసెంబరు 21న నీడ ఉత్తరం వైపు సుమారు 89 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21 నాటికి 33కు తగ్గుతుంది. మే రెండో వారంలోనూ, జూలై నెలాఖరులోనూ ఒక్కొక్క రోజు నీడ కర్ర మొదట్లోనే మాయమవుతుంది. జూన్ 21న దక్షిణం వైపు సుమారు 9 సెంటీమీటర్ల నీడ పడుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ మీదుగా పోతుంది. శ్రీకాకుళం దానికి తూర్పున ఉన్నందున ఇక్కడ సూర్యుడు ఐదారు నిమిషాలు ముందుగా నడినెత్తికి చేరతాడు. గడియారపు పన్నెండు గంటలకు, అతి పొట్టి నీడకు తేడా ఎందుకన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది. సూర్యుని వైపు నేరుగా చూడరాదని మాత్రం ముందే చెప్పాలి.

ఇసుక: తీరంలోని ఇసుకపై కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని తిప్పితే నల్లని రేణువులు కొన్ని అంటుకుంటాయి. ఈ తీరపు ఇసుకలో బరువైన ఖనిజాలు ఉన్నాయన్న సంగతి మాటలు లేకుండానే బోధపడుతుంది.

రాట్నం, వీణ: పొందూరులో పత్తిని శుభ్రపరిచేందుకు నేటికీ వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. పనిముట్టు ఎలా పుడుతుందో చెప్పేందుకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కర లేదు. రాట్నపు చక్రం చుట్టుకొలత కదురు చుట్టుకొలతకు 25 రెట్లయితే చక్రం ఒకసారి తిరిగేలోగా కదురు 25 సార్లు తిరుగుతుంది. భాగహారపు లెక్కకు అదే జవాబు. పనస కర్రతో చేసే బొబ్బిలి వీణపై తంత్రిని నొక్కే చోటు మారితే స్వరం మారుతుంది. అగ్గిపెట్టెకు రబ్బరు బ్యాండు చుట్టి మీటినా ఆ సూత్రమే వినిపిస్తుంది.

ఇంజినీరింగు పెద్దలకే కాదు
సైన్సు ‘ఎందుకు’ అని అడుగుతుంది. ఇంజినీరింగు ‘ఎలా చేద్దాం’ అని అడుగుతుంది. అమెరికాలోని బోస్టన్ సైన్సు మ్యూజియం 2003లో ప్రాథమిక తరగతులకే ఇంజినీరింగు పాఠ్యక్రమాన్ని మొదలుపెట్టింది. సమస్యను గుర్తించడం, ఊహించడం, పథకం వేయడం, తయారుచేయడం, మెరుగుపరచడం అందులోని మెట్లు. తాటి బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసే పల్లె పిల్లలు ఈ మెట్లన్నీ పేర్లు తెలియకుండానే ఎక్కుతున్నారు. చక్రం గట్టిగా తిరగకపోతే రంధ్రం వెడల్పు చేసుకోవడం మెరుగుపరచడమే కదా.

ఒకప్పుడు పొలాలకు నీరు తోడిన ఏతాం తులాదండానికి చక్కని ఉదాహరణ. 30 సెంటీమీటర్ల స్కేలును మధ్యలో పెన్సిలుపై నిలిపి, ఒకవైపు 12 సెంటీమీటర్ల దూరంలో ఒక నాణెం, రెండోవైపు 6 సెంటీమీటర్ల దూరంలో అలాంటివే రెండు నాణేలు ఉంచితే స్కేలు సమంగా నిలుస్తుంది.

తుపానులు ఈ ప్రాంతానికి తెలిసిన కష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఇళ్లనూ తోటలనూ కూల్చాయి. అట్టముక్కలతో రెండు వాలుల ఇల్లు, నాలుగు వాలుల ఇల్లు, గుండ్రని ఇల్లు చేయించి, ఒకే దూరం నుంచి ఫ్యానుగాలి పెట్టి ఏది ముందుగా ఎగిరిపోతుందో చూడమనవచ్చు. తీరప్రాంతపు పూర్వికులు చుట్టిళ్లు ఎందుకు కట్టుకున్నారో పిల్లలు తమంతట తామే చెబుతారు. నిలువు గోడల సీసాతో వర్షమాపకం చేయడం కూడా తేలికే. అందులో చేరిన ప్రతి మిల్లీమీటరు నీరు చదరపు మీటరు నేలపై ఒక లీటరు వానకు సమానం.

గిరిజన బడుల్లో రెట్టింపు అవసరం
సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. అక్కడ సవర, కువి వంటి భాషలు మాట్లాడే పిల్లలకు బడి తెలుగు కొత్త భాష. నిర్వచనాలతో మొదలయ్యే పాఠం వారికి రెండింతలు బరువు. వస్తువుతో మొదలయ్యే పాఠంలో ముందు అనుభవం, తరువాత మాట వస్తాయి. విత్తనం మొలకెత్తడాన్ని తన భాషలో వర్ణించిన పిల్లవాడు దానికి తెలుగు పేరును వెంటనే పట్టుకుంటాడు. 2004లో రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవరకు చోటు దక్కడానికి కారణం ఇదే. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి అంతకు ఎంతో ముందుగానే సవర నేర్చి, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు నడిపారు.

ఆరో తరగతి నుంచి అందే తోడ్పాటు
కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిర్వహించే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఆరో తరగతి, ఆపై విద్యార్థులు తమ ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి రూ. 10 వేలు విద్యార్థి బ్యాంకు ఖాతాకు చేరుతుంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఒక్కో పాఠశాలకు రూ. 20 లక్షల వరకు గ్రాంటు ఉంటుంది. అవి ఆరు నుంచి పన్నెండో తరగతి వారికి ఉద్దేశించినవి. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. 1993 నుంచి సాగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్‌లో పదేళ్లు నిండిన వారు పాల్గొనవచ్చు. అంటే ఐదో తరగతి పిల్లలకు తెరిచి ఉన్న తలుపు దాదాపు ఇదొక్కటే. ఐదేళ్లపాటు ప్రశ్న అడగని విద్యార్థిని ఆరో తరగతిలో కొత్త ఆలోచన చెప్పమంటే ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాయే వస్తుంది.

అడ్డంకులు, మార్గాలు
ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్కరే ఐదు తరగతులు చూడాలి. వచ్చిన కిట్టులో వస్తువు పగిలితే ఎవరు సమాధానం చెప్పాలన్న భయంతో అది బీరువాలోనే ఉండిపోతుంది. పరీక్షలో అడిగేది జవాబును గనుక ప్రయోగానికి కేటాయించిన పీరియడు పునశ్చరణకు పోతుంది. వీటికి పెద్ద ఖర్చుతో పని లేని మార్గాలు ఉన్నాయి.

* కిట్టును పిల్లలకు అందే ఎత్తులో ఉంచి, పగిలిన వస్తువులను నమోదు చేసే పుస్తకం పెట్టాలి. వాడకంలో పగలడం తప్పు కాదని అధికారులు స్పష్టం చేయాలి.
* ఒకే ప్రయోగాన్ని అన్ని తరగతులకూ కలిపి చేయించవచ్చు. చిన్నవారు గమనిస్తారు, మూడో తరగతి వారు కొలుస్తారు, ఐదో తరగతి వారు పట్టిక రాస్తారు.
* ఊరి వడ్రంగి, కుమ్మరి, నేతకారుడు, మత్స్యకారుడు నెలకొకసారి బడికి వచ్చి తమ పని చూపించేలా చేయాలి. పుస్తకం చదవని తండ్రి కూడా ఆనాడు గురువవుతాడు.
* ముందు ఊహ, తరువాత ఫలితం అన్న రెండు గడులతో పిల్లలు నోటుపుస్తకం రాయాలి. ఊహ తప్పయితే మార్కులు తగ్గించరాదు.
* నిప్పు, గాజు, విద్యుత్ పాలుపంచుకొనే ప్రయోగాలు పెద్దల సమక్షంలోనే జరగాలి. ఇంటి కరెంటు ప్లగ్గును వాడరాదు; టార్చి సెల్లు చాలు.

రామన్ ఫలితం వెలుగు చూసిన ఫిబ్రవరి 28ని 1987 నుంచి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ సర్ సి.వి. రామన్ బాల్యంలో చదువుకున్నది పొరుగున ఉన్న విశాఖపట్నంలోనే. ఆ ఒక్కరోజు ప్రదర్శనతో సరిపెట్టకుండా వారానికి ఒక పీరియడు పిల్లల చేతులకు అప్పగించవచ్చు. ఒక కర్ర, ఒక పళ్లెం, ఒక అయస్కాంతం, ఒక స్కేలు ఉంటే ఏ బడిలోనైనా రేపే మొదలుపెట్టవచ్చు.