రిచ్మండ్‌లో ఒక ప్రశ్న

1992లో మాకింకా ఓటు లేదు. ఆ వేసవిలోనే నా ఉద్యోగమూ పోయింది. అయినా అక్టోబరు 15 రాత్రి టీవీ ముందు కూర్చున్నాం. రిచ్మండ్ విశ్వవిద్యాలయంలో బుష్, క్లింటన్, పెరోలను మామూలు ఓటర్లే ప్రశ్నించారు. అధ్యక్ష అభ్యర్థుల చర్చల్లో ఆ పద్ధతి అదే మొదలు.

ఒకాయన, ఒకరినొకరు దూషించుకోవడం మాని మా అవసరాల సంగతి చెప్పండన్నాడు. మన రచ్చబండ గుర్తొచ్చింది! తర్వాత ఒకావిడ, దేశం అప్పు మీ సొంత బ్రతుకుల్ని ఎలా తాకిందని అడిగింది. ఆవిడ ఉద్దేశం ఆర్థిక మాంద్యం. మా ఆవిడ నా వంక చూసింది. బుష్ తడబడ్డారు. క్లింటన్ ఆవిడ దగ్గరికి నడిచివెళ్ళి, మీకెలా తగిలిందో చెప్పమన్నారు.

టీవీల వాళ్ళు తర్వాత పదే పదే చూపించింది మాత్రం బుష్ చేతి గడియారం చూసుకోవడమే.

నవంబరులో క్లింటన్ 43 శాతం ఓట్లతో నెగ్గారు. పెరోకు దాదాపు 19 శాతం వచ్చినా ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ దక్కలేదు.

1996లో మేమూ ఓటేశాం. వరుసలో నిలబడి మా ఆవిడ, "ఆ రోజు ప్రశ్న అడిగినావిడ ఎవరికి వేసిందో!" అంది.