ఆకు నేర్పిన పొర

ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్తుంటే నల్లమల కొండలు ఎదురొస్తాయి. ఆ అడవిలోని మోదుగాకే ఈ సీమకు ఒకప్పటి ప్యాకింగు. ఆకులు ఎండబెట్టి, నీళ్లు చిలకరించి మెత్తబరిచి, సన్నటి పుల్లలతో గుండ్రంగా కుట్టేవారు. పెళ్లి భోజనానికి ఆ విస్తరే, గుడి ప్రసాదానికి ఆ దొన్నే. తిన్నాక పెంటకుప్పలో పడి ఎరువయ్యేది. ఆకుకు బలమిచ్చేది సెల్యులోజ్. నీరు ఇంకనివ్వనిది పైనున్న క్యూటిన్, మైనం. వీటన్నిటినీ నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి.

పిండితో పొర తీయడమూ మనకు తెలిసిన విద్యే. ఆత్రేయపురంలో బోర్లించిన కుండను మంటపై వేడెక్కించి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దానిమీదుగా లాగుతారు. క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పూతరేకు తినగలిగే ఫిల్మే.

విదేశాల్లోనూ ఇలాంటి సహజ పదార్థాలపై ప్రయోగాలు సాగాయి. 1908లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త బ్రాండెన్‌బర్గర్ సెల్యులోజ్‌తో సెల్లోఫేన్ చేశాడు. 1926లో ఫ్రాన్సుకు చెందిన లెమ్వాన్ బ్యాక్టీరియా తమలో దాచుకునే పీహెచ్‌బీ అనే పాలిమర్‌ను గుర్తించాడు. 1933లో ఇంగ్లండులో పాలిథీన్ పుట్టింది. చవక, తేలిక, తడికి చెదరదు. దాంతో మిగిలినవన్నీ వెనకబడ్డాయి. మన ఊళ్లలోనూ విస్తరి పోయి, పార్సిల్ సాంబారు కవరు వచ్చింది.

ఇప్పుడు చూపు మళ్లీ పిండి వైపు తిరిగింది. మొక్కజొన్న పిండిని నీటిలో ఉడికించి గ్లిసరిన్ కలిపితే వంగే పొర వస్తుంది. ఆక్సిజన్‌ను బాగానే ఆపుతుంది గాని తడికి నిలవదు. అందుకే సూక్ష్మజీవులు విరగ్గొట్టగల ఇతర పాలిమర్లతో కలుపుతారు. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ పూత పండ్లు మగ్గడాన్ని నెమ్మదింపజేస్తుంది. మహానంది అరటి రైతుకు పనికొచ్చే విద్య ఇది. 2021 ఆగస్టులో తిరుమల లడ్డూలకు డీఆర్‌డీఓ రూపొందించిన, నేలలో కలిసే సంచులు వచ్చాయి. 2022 జులై 1న ఒక్కసారి వాడి పారేసే అనేక ప్లాస్టిక్ వస్తువులపై దేశమంతటా నిషేధం మొదలైంది.

అయితే ‘నేలలో కలిసేది’ అన్న పేరు చూసి నమ్మరాదు. పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ యాసిడ్) అనే బయోప్లాస్టిక్ లాంటివి త్వరగా విరగాలంటే 60 డిగ్రీల దరిదాపు వేడి ఉండే కంపోస్టు కావాలి. కుందూ నదిలోకి కొట్టుకుపోతే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కాబట్టి సంచి కొన్నంత శ్రద్ధగా దాన్ని విడిగా సేకరించి, కంపోస్టు చేసే ఏర్పాటూ ఊరికి ఉండాలి. మోదుగ విస్తరికి ఆ ఏర్పాటు పెరట్లోనే ఉండేది. కొత్త పొరకు దాన్ని మనమే కట్టాలి.