సర్వపిండి: దుబ్బాక ఇంటి రుచి హైదరాబాద్ హోటల్లో.. అసలుదో కాదో గుర్తుపట్టండిలా!

హైదరాబాద్‌లో ఉంటున్న దుబ్బాక వాళ్లకు హోటల్ మెనూలో సర్వపిండి కనిపిస్తే చాలు.. ఆర్డర్ చేసేస్తారు. తీరా ప్లేట్ వచ్చాక ‘ఇది మన ఇంట్లో తిన్నదేనా?’ అని డౌట్. కారణం ఉంది.

బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలుపుతారు. సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తారు. మూత పెట్టి సన్నని మంట మీద కాలుస్తారు. తిరగేయరు. గిన్నె చల్లారితేనే రెండోది ఒత్తేది! అంత టైమ్ లేని చోట పెనం మీదే కాల్చేస్తారు. ఇదే పిండివంటను కొన్నిచోట్ల గిన్నప్ప అని, ఆంధ్రాలో తపాలచెక్క అని అంటారు.

జపాన్‌లో ఒకోనోమియాకి అనే అట్టుదీ ఇదే కథ. ఒసాకాలో పిండిలో అన్నీ కలిపేస్తారు, హిరోషిమాలో పొరలుగా పేరుస్తారు. టోక్యో హోటళ్లు ఏ ఊరి పద్ధతో బోర్డు మీదే రాస్తుంటాయి.

2019లో యునెస్కో రుచుల నగరాల లిస్టులో చేరిన హైదరాబాద్‌లో అలాంటి బోర్డు కనిపించకపోతే మీరే అడగండి.. ‘సర్వలో చేశారా, పెనం మీదా?’ అంచులు గిన్నెలా వంగి, అడుగు ఎర్రగా కరకరలాడి, పైన మెత్తగా ఉంటే.. అది సర్వలోదే!