మన ఊరి పొద్దు, సర్కారు గడియారం

2009 ఎండాకాలం మొదట్లో, ఒకనాడు ఫజర్‌కు ముందు మా అబ్బా ఇంతెఖాల్ అయినారు. తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. వాడికి ఫోను చేసి సంగతి చెప్పినాను. లీవు దొరికే పరిస్థితి కాదు, దొరికినా అందుకునే వేళ కాదు. "జనాజా ఎప్పుడు భాయ్?" అని అడిగినాడు. "జొహర్ తర్వాత" అన్నాను. "అయితే నేనూ ఇక్కడ జొహర్ చదువుకుని ఫోను చేస్తా, మట్టి ఇచ్చేటప్పుడు దువా వినిపించండి" అన్నాడు. సరే అన్నాను. ఆ గడబిడలో అంతకన్నా ఏమీ తోచలేదు.

మా మసీదులో జొహర్ జమాత్ ఒంటిగంటా పదిహేను నిమిషాలకు. రెండు గంటలకల్లా కబరస్తాన్‌లో పని అయిపోయి జనం ఇళ్ళ దారి పట్టినారు. వాడు అక్కడ జమాత్‌తో జొహర్ చదివి ఫోను చేసేసరికి నా చేతి గడియారంలో రెండూ ముప్పై అయిదు అయింది. "మొదలుపెట్టినారా భాయ్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

వాడిది తప్పు కాదు. తప్పు నాదే. బడిలో ఏటా పిల్లలకు తూల్-బలద్ పాఠం, అంటే రేఖాంశాల పాఠం, బల్లమీద గోళం పెట్టి మరీ చెప్పేవాణ్ణి. "మన ఒంటిగంటా పదిహేను, అంటే నీ గడియారంలో పదకొండు కాకముందే" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మన చిలమకూరు, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు చుట్టుపక్కల కువైట్, సౌదీ, దుబాయి మాట లేని ముస్లిం వీధి లేదు. ఇప్పుడు కొడుకుల దగ్గరికి విజిట్ వీసా మీద పోయి, పిల్లాజెల్లాతో సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు గడిపి వచ్చే కుటుంబాలు కూడా ఉన్నవి. కాబట్టి సొసైటీ సావనీరుకు ఈసారి ఈ గడియారం కథ రాద్దామనిపించింది.

అసలు సంగతి చిన్నదే. భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు పడుతుంది. చుట్టుకు 360 డిగ్రీలు. అంటే గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పు ఊరికి పొద్దు ముందు నడినెత్తికి వస్తుంది, పడమటి ఊరికి తర్వాత వస్తుంది. పాతకాలంలో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. ఈ లెక్క మనవాళ్లకు ఇంగ్లీషువాళ్ల కంటే ఎంతో ముందే తెలుసు. అల్ బీరూనీ 997వ సంవత్సరం మే 24న ఖ్వారిజ్మ్ దేశంలోని కాత్ పట్టణంలో ఉండి చంద్రగ్రహణం చూసినాడు. అదే గ్రహణాన్ని బాగ్దాదులో అబుల్ వఫా చూసినాడు. ముందే మాట అనుకుని ఇద్దరూ తమ తమ ఊరి వేళ రాసుకున్నారు. గ్రహణం ఆకాశంలో అందరికీ ఒక్కసారే పడుతుంది కదా! రెండు రాతలూ సరిచూస్తే రెండు ఊళ్ల మధ్య తేడా సుమారు ఒక గంట అని తేలింది. తంతి లేదు, ఫోను లేదు, పావుసెకను చెప్పే గడియారం లేదు. పెద్ద మసీదుల్లో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగిని మువక్కిత్ అనేవారు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదు మువక్కిత్ ఇబ్న్ అల్ షాతిర్ 1371లో మీనారుకు అమర్చిన నీడ గడియారం చరిత్రకెక్కింది. మన పిల్లలకు గెలీలియో పేరు తెలుసు, ఈయన పేరు తెలియదు. అది వేరే గొడవ.

మన జిల్లాకు బయటి గడియారం రైలుతో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ 1792లో చెన్నపట్నం నుంగంబాకంలో నక్షత్రశాల కట్టించింది. అక్కడి రాతి స్తంభం మీద లాటిన్‌తో పాటు తెలుగు అక్షరాలు కూడా చెక్కి ఉన్నవి. ఆ నక్షత్రశాలకు మొదటి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన గోల్డింగ్‌హాం 1802లో మద్రాసు వేళ గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందున్నదని స్థిరపరచినాడు. తర్వాత రైళ్లు వచ్చినవి. ప్రతి స్టేషనుకూ దాని ఊరి వేళే పెట్టుకుంటే రైళ్లు ఒకదానినొకటి గుద్దుకోవలసిందే. బొంబాయి వేళకూ కలకత్తా వేళకూ గంట పైచిలుకు తేడా. మద్రాసు వేళ ఆ రెంటికీ దాదాపు నడిమధ్యన పడుతుంది. అందుకని దేశంలోని రైళ్లకు మద్రాసు టైమే రైల్వే టైము అయింది. మన కడప, ఎర్రగుంట్ల, గుత్తి మీదుగా పోయే లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది.

మన ఊరు రమారమి 78½ డిగ్రీల మీద ఉంది. మద్రాసు 80¼. అంటే స్టేషను గడియారం మన పొద్దుకంటే ఏడు నిమిషాలే ముందు. ఎవరికీ పెద్దగా పట్టలేదు. పట్టింది ఎవరికయ్యా అంటే హజ్‌కు పోయేవాళ్లకు. ఆ రోజుల్లో మన హాజీ ఎర్రగుంట్లలో రైలెక్కేది మద్రాసు టైములో. బొంబాయిలో దిగితే ఊళ్లోని గడియారాలు అరగంట వెనక! ఓడ కంపెనీ గుమాస్తా చెప్పే వేళ ఒకటి, రైల్వే గడియారం చూపే వేళ ఒకటి. ఓడ ఎక్కితే మరో వింత. ఓడ పడమరకు పోయేకొద్దీ గడియారాన్ని రోజురోజుకూ కొంచెం వెనక్కి జరపాలి. కమరాన్ దీవిలో క్వారంటైను గడిపి జిద్దా చేరేసరికి, బొంబాయి పొద్దుకూ జిద్దా పొద్దుకూ రెండుంబావు గంటల తేడా.

జిద్దాలో దిగినాక అసలు లెక్కే మారిపోయేది. హిజాజ్‌లో అరబ్బీ గంట నడిచేది. అందులో పొద్దు గుంకితే పన్నెండు. మగ్రిబ్ అజాన్‌తో రోజు ముగిసి కొత్త రోజు మొదలు. రాత్రి ఒకటిన్నర అంటే మన లెక్కన ఇషా వేళ. పొద్దు గుంకే వేళ రోజూ కొంత మారుతుంది కాబట్టి గడియారాన్నీ మళ్లీ మళ్లీ సరిదిద్దుకోవాలి. తుర్కీల ఏలుబడి నాటి ఈ లెక్క సౌదీలో 1960ల దాకా జనం వాడుకలో ఉండేది. దీన్ని నవ్వులాట చేసినవాళ్లు ఉన్నారు. నాకైతే అందులో తర్కమే కనిపిస్తుంది. సహరీ, ఇఫ్తార్, అయిదు పూటల నమాజు పొద్దును పట్టి నడిచే జాతికి పొద్దుతో మొదలయ్యే గడియారం కంటే అనువైనది ఏముంది? విమానాలకూ బ్యాంకులకూ మాత్రం అది పనికిరాదు. అందుకే పోయింది.

1884లో వాషింగ్టన్‌లో దేశాల ప్రతినిధులు కూడి గ్రీన్‌విచ్‌ను సున్నా రేఖగా ఒప్పుకున్నారు. మన దేశానికి 1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల రేఖ మీది వేళ, గ్రీన్‌విచ్‌కు అయిదున్నర గంటలు ముందు, ప్రమాణంగా నిర్ణయమైంది. ఆ రేఖ అలహాబాదు పక్క మీర్జాపూరు దగ్గర నుంచి కాకినాడ సమీపంగా సముద్రంలోకి దిగుతుంది. మద్రాసు వాళ్లు తొమ్మిది నిమిషాలు ముందుకు తిప్పుకుని ఊరుకున్నారు. బొంబాయి ఊరుకోలేదు. వాళ్లకు 39 నిమిషాలు పోయినవి. చీకట్లో మిల్లుకు రమ్మంటారా అని కార్మికులు ఆ జనవరిలోనే గొడవకు దిగినారు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైమును వదల్లేదు. కాబట్టి స్వాతంత్ర్యం వచ్చినాక కూడా కొన్నేళ్లు మన హాజీలకు బొంబాయిలో రెండు గడియారాల తిప్పలు తప్పలేదు. యుద్ధకాలంలో ఇంకొకటి జరిగింది. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా సర్కారు దేశమంతా గడియారాలను గంట ముందుకు జరిపింది. అప్పుడు మన ఊళ్లో పొద్దు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటినాక.

ఇప్పుడు చూడండి. మన ఊరికీ 82½ రేఖకూ మధ్య నాలుగు డిగ్రీలు, అంటే పదహారు నిమిషాలు. కనుక గడియారంలో పన్నెండు కొడితే మన పొద్దుకు ఇంకా పన్నెండు కాలేదు. సగటున పన్నెండూ పదహారుకు అవుతుంది. నవంబరు మొదట్లో సరిగ్గా పన్నెండుకు, ఫిబ్రవరిలో పన్నెండున్నరకు. ఇది తెలియకనే రంజాన్‌లో పొరపాట్లు చేస్తాము. ఒక ఏడాది మా ఇంట్లోనే విజయవాడ టైం టేబుల్ చూసి రెండు రోజులు ఇఫ్తార్ చేసినాము. విజయవాడ మనకు తూర్పున ఉంది. అక్కడ పొద్దు గుంకిన సుమారు తొమ్మిది నిమిషాలకు గాని మనకు గుంకదు. ఋతువును బట్టి అది అయిదు నిమిషాలు కావచ్చు, పన్నెండు కావచ్చు. ఆ రెండు రోజాలను తర్వాత కజా చేసుకోవలసి వచ్చింది. హైదరాబాదు మన రేఖ మీదనే ఉన్నా ఉత్తరంగా ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ అయిదు నిమిషాలు ముందే పొద్దు గుంకుతుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రెండు రంజాన్‌లు మొదలుకావాలి. రెండూ చలికాలమే. హైదరాబాదు పట్టిక చూసి ఖర్జూరం నోట్లో వేసుకునేవాళ్లు అప్పుడు జాగ్రత్త.

పరదేశం మాటకొద్దాం. కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయి, మస్కట్ గంటన్నర వెనక. టికెట్టు మీద అచ్చయ్యే వేళలు ఎక్కడివక్కడివే. ఎక్కే ఊరి వేళ ఎక్కే ఊరిది, దిగే ఊరి వేళ దిగే ఊరిది. ఉదాహరణకు చెన్నైలో పదింటికి ఎక్కితే కువైట్‌లో పన్నెండున్నరకు దిగుతారని ఉంటుంది. ప్రయాణం రెండున్నర గంటలు కాదు, అయిదు గంటలు. ఇక అర్ధరాత్రి టికెట్టు ఒక గుండం. 15వ తేదీ 00:30 అంటే 14వ తేదీ రాత్రి ఇంటి నుంచి కదలాలి. మా బంధువుల్లో ఒక కుటుంబం 15 రాత్రి ఎయిర్‌పోర్టుకు పెట్టెలతో పోయి, తెల్లవార్లూ కూర్చుని తిరిగి వచ్చినారు. రోజాతో పడమరకు విమానంలో పోయేవాళ్లకు ఇంకో మాట: పొద్దు మీ వెంటే వస్తుంది, రోజా పొడుగవుతుంది. కింద ఏ ఊళ్లో అజాన్ అయిందని కాదు, కిటికీలోంచి మీకు కనబడే పొద్దు గుంకాలి అని ఉలమా చెబుతారు. ముసాఫిర్‌కు రోజా తర్వాత ఉండే రుఖ్సత్ ఎలాగూ ఉంది.

సముద్రపు ఒడ్డున సెలవు గడపబోయేవాళ్లకు చిక్కులు ఇంకా సూక్ష్మమైనవి. మాల్దీవులు మనకంటే అరగంటే వెనక. కానీ అక్కడ చాలా రిసార్టులు అతిథులకు సాయంత్రపు వెలుతురు ఎక్కువ దొరకాలని తమ దీవి గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుంటాయి. దీవిలో ఒక వేళ, రాజధాని మాలేలో మరో వేళ. పడవా, విమానమూ మాలే లెక్కన నడుస్తాయా, దీవి లెక్కనా అని అడిగి తెలుసుకోవాలి. నీటి మీద వాలే చిన్న విమానాలు పగలే తిరుగుతాయి, చీకటి పడితే ఆ రాత్రికి మాలేలోనే బస. శ్రీలంక 1996లో గడియారాన్ని ముందుకు జరిపి, కొంత వెనక్కి తెచ్చి, చివరికి 2006లో మళ్లీ మన వేళకే వచ్చింది. మలేసియా 1982 ఆరంభం నుంచి మనకు రెండున్నర గంటలు ముందు. కానీ ఆ దేశపు పడమటి కొసన ఉన్న లంకావి దీవికి ఆ గడియారం బొత్తిగా అతకదు. అక్కడ పొద్దు నడినెత్తికి వచ్చేది ఒంటిగంటా ఇరవై ప్రాంతంలో, గుంకేది ఏడూ ఏడుముప్పావు మధ్యన. ఆరున్నరకల్లా మగ్రిబ్ అయిపోయిందనుకుని పిల్లలను నీళ్లలోంచి లేపుకొస్తే అసర్ వేళే ఇంకా మిగిలి ఉంటుంది. ఈజిప్టు 2023లో ఎండాకాలం గంట ముందుకు జరిపే పద్ధతిని మళ్లీ తెచ్చింది. ఇలాంటి దేశాల్లో పోయిన ఏడాది తెలిసిన తేడా ఈ ఏడాది పనికిరాకపోవచ్చు.

దుబాయి విషయం తమాషాగా ఉంటుంది. అక్కడ పొద్దు నడినెత్తికి వచ్చేది సగటున అక్కడి గడియారంలో పన్నెండూ పంతొమ్మిదికి. మన ఊళ్లో మన గడియారంలో పన్నెండూ పదహారు. ఇంచుమించు ఒకటే అంకె! తమ్ముడు కువైట్ వదిలి దుబాయిలో పనికి కుదిరినాక, అమ్మీని అక్కడికి పిలిపించుకున్నాడు. వెంట నేనూ పోయినాను. ఒక శుక్రవారం జుమైరా ఒడ్డుకు తీసుకుపోయినాడు. అమ్మీ చేతి గడియారం మాత్రం తిప్పనివ్వలేదు. చిలమకూరు టైమే ఉండనీ అన్నది. అసర్ వేళ ఇసుక మీద దుప్పటి పరిచినాము. నీడ చూసి, కొడుకును అడిగి నమాజు చదువుకున్నది. సలాం తిప్పినాక మణికట్టు చూసుకుని, "మన ఊళ్లో ఇప్పుడు మగ్రిబ్ కావచ్చింది, మీ అబ్బా కబర్ దగ్గర దీపాల వేళ" అన్నది. తమ్ముడు తన గడియారం వంక చూసి, వేళ్లమీద గంటన్నర కలిపి లెక్కపెట్టుకుని, అవునన్నట్టు తలూపినాడు.